ఆడా మగా తేలని పీతలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మగపీత పొట్ట కింద గుడ్లముద్దలాంటిది కనిపించిందని ఒకరు, ఒక డెక్క నీలంగా ఇంకో డెక్క ఎర్రగా ఉన్న పీత ఫొటో వాట్సాప్‌లో వచ్చిందని ఇంకొకరు అడుగుతుంటారు. ఆ ప్రశ్నలన్నిటికీ ఇక్కడ జవాబులున్నాయి. ముందే చెప్పాల్సింది ఒకటుంది. వింతగా ఉందని జనం పక్కన పెట్టే పీతల్లో చాలావరకు మామూలు పీతలే. మిగిలినవాటిలో ఎక్కువ భాగం ఒక పరాన్నజీవి చేసిన పని. పుట్టుకతోనే తేడా ఉన్న పీత మాత్రం నిజంగా అరుదు.

మామూలుగా ఆడపీతను, మగపీతను ఎలా గుర్తుపట్టాలి?

పీతను వెల్లకిలా తిప్పండి. పొట్ట కింద రేకులా ముడుచుకున్న భాగం కనిపిస్తుంది. నిజానికి అది పీత ఉదరం. రొయ్యకు వెనక్కి చాచినట్టుండే భాగమే పీతలో ఛాతీ కిందికి మడిచి ఉంటుంది. మగపీతలో ఈ మడత సన్నగా, కోసుగా ఉంటుంది. ఎదిగిన ఆడపీతలో వెడల్పుగా, గుండ్రంగా ఉండి ఛాతీని దాదాపు కప్పేస్తుంది.

ఇంకా నమ్మకమైన గుర్తు మడత లోపల ఉంటుంది. దాన్ని మెల్లగా ఎత్తి చూస్తే మగపీతకు మొదట్లోనే రెండు జతల గట్టి పుల్లల్లాంటి అవయవాలుంటాయి, జతకట్టేటప్పుడు వీర్యం అందించేవి అవే. ఆడపీతకు నాలుగు జతల నూగు కాళ్లుంటాయి, గుడ్లు అంటుకునేది వాటికే. ఆడపీత జననరంధ్రాలు ఛాతీ పలక మీద ఉంటాయి. మగపీతవి చివరి జత కాళ్ల మొదట్లో ఉంటాయి. అనుమానం వచ్చినప్పుడు మడత ఆకారం ఒక్కటే చూసి తేల్చేయకండి.

మా పీతకు మడత సన్నగా లేదు, వెడల్పుగానూ లేదు. ఇది మూడో రకమా?

కాదు, ఎదగని ఆడపీత అయి ఉంటుంది. చాలా జాతుల్లో పిల్ల ఆడపీత మడత త్రికోణంగా ఉంటుంది. ఎదిగే దశలో పెంకు విడిచినప్పుడు (చెరువు రైతులు మోల్టింగ్ అనే అంటారు) అది వెడల్పైన గుండ్రటి ఆకారానికి వస్తుంది. అమెరికా తూర్పు తీరంలో దొరికే నీలి పీత కాలినెక్టెస్ సాపిడస్‌లో ఈ మార్పు ఒక్క మోల్టింగ్‌లోనే జరిగిపోతుంది. నిన్న త్రికోణం, ఇవాళ అర్ధచంద్రం అన్నమాట. మన మడపీతలోనూ పిల్ల ఆడపీత మడత చూసి మగపీత అనుకోవడం మామూలే.

మగపీత అని కొన్నాం, కోస్తే లోపల పసుపుపచ్చగా గుడ్డు కనిపించింది. ఎలా?

అది గుడ్డు కాదు. ఆవపిండి రంగులో మెత్తగా జారుతున్నట్టు ఉండేది పీత జీర్ణగ్రంథి, ఆడా మగా రెండింటికీ ఉంటుంది. ఆడపీత అండాశయం పండితే ముదురు నారింజ రంగులో కాస్త గట్టిగా, పలుకుగా ఉంటుంది. ఉడికాక రెంటికీ తేడా ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. పెంకు లోపలుండే ఈ నారింజ రంగు అండాశయం వేరు, మడత కింద బయటికి కనిపించే గుడ్లగుత్తి వేరు.

మగపీత పొట్ట కింద గుడ్లముద్ద కళ్లారా చూశాం. అదేమిటి?

చాలావరకు అది సాక్యులైనా, లేదా దాని బంధువు. ఈ పేజీలో అన్నిటికంటే ఆసక్తికరమైన విషయం ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

పడవల అడుగున, జెట్టీ స్తంభాల మీద తెల్లటి గరుకు గుల్లలు అతుక్కుని ఉంటాయి కదా, బార్నకిల్స్ అంటారు. సాక్యులైనా ఆ కుటుంబానికి చెందిన జీవే. కానీ దానికి గుల్ల లేదు, కాళ్లు లేవు, నోరు లేదు, పేగు కూడా లేదు. పెద్దదాన్ని చూస్తే ఏ జీవి బంధువో ఎవరూ చెప్పలేరు. 1836లో జాన్ వాన్ థాంప్సన్ అనే శాస్త్రవేత్త దాని గుడ్లలోంచి వచ్చిన పిల్లలను చూసి, అవి అచ్చం బార్నకిల్ పిల్లల్లా ఉండటంతో సంగతి పసిగట్టారు. అది పీతలోకి ఎలా చేరుతుందో 1884లో ఫ్రాన్స్‌కు చెందిన ఈవ్ దెలాజ్ వివరించారు.

జరిగేది ఇది. నీళ్లలో ఈదే ఆడ పిల్లజీవి పీత మీద ఒక వెంట్రుక మొదట్లోనో, పెంకు పల్చగా ఉన్నచోటో దిగుతుంది. అక్కడ తన శరీరంలో చాలా భాగం వదిలేసి, ఒక బోలు సూది తయారుచేసుకుని, కొద్దిపాటి కణాలను మాత్రం పీత లోపలికి ఎక్కిస్తుంది. ఆ కణాలు లోపల పెరిగి, గోడలో మొలిచిన రావిమొక్క వేళ్లలా పీత ఒళ్లంతా పాకుతాయి, కాళ్ల చివరలదాకా వెళ్తాయి. ఆహారమంతా పీత రక్తంలోంచే పీల్చుకుంటాయి. కొన్ని నెలల తర్వాత ఉదరం మడత కింద, సరిగ్గా ఆడపీత గుడ్లు మోసే చోట, ఒక సంచి బయటికి పొడుచుకొస్తుంది. మీరు చూసిన ముద్ద అదే. లోపల గుడ్లుంటాయి, కానీ పీతవి కావు, సాక్యులైనావి.

ఆ సంచికీ ఓ మగతోడు కావాలి. ఈదుకుంటూ వచ్చిన మగ పిల్లజీవి సంచి మూతిలో దూరి, లోపలున్న చిన్న గదిలో చేరి, వీర్యకణాలు తయారుచేయడం తప్ప ఇంకేమీ చేయలేని చిట్టి ముద్దగా మిగిలిపోతుంది.

నిజమైన గుడ్లకూ ఈ సంచికీ తేడా ఎలా తెలుస్తుంది?

పీత గుడ్లు గింజలు గింజలుగా, గుత్తులుగా నూగు కాళ్లకు అంటుకుని ఉంటాయి. మొదట పసుపు, నారింజ రంగుల్లో ఉండి, పొదిగేకొద్దీ గోధుమ రంగులోకి, చివరికి నల్లగా మారతాయి. వేలితో రాస్తే గింజలు తెలుస్తాయి. సాక్యులైనా సంచి నున్నగా, తోలులా ఉంటుంది. మడత మధ్యలో ఒకేచోట చిన్న కాడతో అతుక్కుని ఉంటుంది. కొన్ని జాతుల్లో ఒకే పీతకు రెండు మూడు సంచులు కూడా ఉండొచ్చు. మోస్తున్నది మగపీత అని లోపలి పుల్లలను చూసి నిర్ధారించుకుంటే ఇక అది గుడ్లగుత్తి అయ్యే అవకాశం దాదాపు లేదు.

కానీ ఆ మగపీత మడత కూడా వెడల్పుగానే ఉంది. ఆడపీతగా మారిపోయిందా?

ఆడపీతలా మారింది కానీ ఆడపీత కాలేదు. సాక్యులైనా సోకిన మగపీతలో సన్నటి మడత పెంకు విడిచిన ప్రతిసారీ వెడల్పవుతూ వస్తుంది. యూరప్ తీరంలోని ఆకుపచ్చ పీత కార్సినస్ మీనస్‌లో ఇది బాగా కనిపిస్తుంది. ఆ జాతి మగపీతల ఉదరంలో మామూలుగా మూడు ఖండాలు కలిసిపోయి ఉంటాయి, సోకినవాటిలో అవి ఆడపీతలోలా విడివిడిగా కనిపిస్తాయి. జతకట్టే పుల్లలు చిన్నవైపోతాయి. చిన్న వయసులో సోకితే మార్పు ఎక్కువగా ఉంటుంది, ఎందుకంటే సంచి బయటపడేలోపు పెంకు విడిచే అవకాశాలు ఎక్కువ. సంచి బయటికొచ్చాక ఆ జాతిలో పీత ఇక పెంకు విడవదు, పెరగదు.

దీనికి కారణం మగపీతలో ఉండే ఒక చిన్న గ్రంథి దగ్గర మొదలవుతుంది. వీర్యనాళం చివర అంటుకుని ఉండే దాన్ని ఆండ్రోజెనిక్ గ్రంథి అంటారు. 1954లో ఫ్రాన్స్‌లో ఎలెన్ షార్నియో-కోట్టన్ ఇసుకలో గెంతే ఒక చిన్న క్రస్టేషియన్‌లో (పీతలు, రొయ్యలు ఉండే జీవుల వర్గం ఇది) ఆ గ్రంథిని గుర్తించి, ఆడజీవిలో అమర్చితే అది మగ లక్షణాలు సంతరించుకుంటుందని చూపించారు. మనలో వృషణమే వీర్యమూ తయారుచేస్తుంది, హార్మోనూ తయారుచేస్తుంది. పీతల్లో, రొయ్యల్లో ఆ రెండు పనులూ రెండు వేర్వేరు చోట్ల జరుగుతాయి. ఈ గ్రంథి విడుదల చేసేది ఇన్సులిన్‌ను పోలిన హార్మోన్. పరాన్నజీవి వేళ్లు ఈ వ్యవస్థను దెబ్బతీస్తే మగతనం అనే ఆదేశం ఆగిపోతుంది. అయితే అంతటితో సరిపోదు. 2014లో నీలి పీతలో ఆడ లక్షణాలను నడిపే మరో హార్మోన్ కూడా ఉందని తేలింది. పిల్ల ఆడపీతల్లో దాన్ని అణచివేస్తే జననరంధ్రాలు, గుడ్లు మోసే నూగు కాళ్లు సరిగ్గా ఏర్పడలేదు. అంటే ఆడతనం దానంతటదే మిగిలిపోయేది కాదు, దానికీ ఒక ఆదేశం కావాలి.

ప్రవర్తన కూడా మారుతుందా?

మారుతుంది. నిజానికి పరాన్నజీవికి లాభం ఇక్కడే ఉంది. ఆడపీత తన గుడ్లను శుభ్రం చేసుకున్నట్టే సోకిన మగపీత ఆ సంచిని శుభ్రం చేస్తుంది, గీరి పడేయదు. సాక్యులైనా పిల్లలు బయటపడే సమయానికి గుడ్లు పొదిగిన ఆడపీతలాగే మడతను ఊపుతూ వాటిని నీళ్లలోకి వదులుతుంది. వెడల్పైన మడత సంచికి మంచి కప్పు కూడా. సంచిని పీకేయగల బలమైన డెక్కలున్న జీవి చేతనే దానికి కాపలా కాయించుకోవడం మామూలు తెలివి కాదు, తెలివి అనే మాట మెదడే లేని జీవికి వర్తిస్తే.

ఆడపీతకు సోకితే?

ఆడపీత పిల్లల్లేకుండా పోతుంది. మడత మాత్రం ఒక్కోసారి వయసుకు ముందే పెద్దపీత మడతలా వెడల్పవుతుంది. ఇలా పరాన్నజీవి తాను పట్టిన జీవి సంతానశక్తిని పోగొట్టడానికి పారసైటిక్ కాస్ట్రేషన్ అని 19వ శతాబ్దం చివర్లో పేరు పెట్టింది ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ జియార్.

పరాన్నజీవి చచ్చిపోతే పీత మళ్లీ మగపీత అవుతుందా?

చాలా పీతలు అంతదాకా బతకవు. బతికినవాటి గురించి ఒక పాత పరిశీలన ఉంది. ఇటలీలోని నేపుల్స్‌లో పనిచేసిన ఇంగ్లిష్ శాస్త్రవేత్త జెఫ్రీ స్మిత్, ఒక రకం సాలెపీతల మీద 1906లో పెద్ద అధ్యయనం ప్రచురించారు. పరాన్నజీవి పోయి కోలుకున్న కొన్ని మగపీతల్లో బీజగ్రంథి (వీర్యమో అండాలో తయారయ్యే గ్రంథి) మళ్లీ పెరగడం, అందులో వీర్యకణాలతోపాటు అండాల్లాంటివి కూడా ఉండటం ఆయన గమనించారు. హార్మోన్ల సంగతి ఎవరికీ తెలియని రోజుల్లో ఇంత లోతుకు వెళ్లిన మనిషి మొదటి ప్రపంచయుద్ధంలో 1916లో చనిపోయారు.

ఇవి మన తీరంలో ఉన్నాయా?

ఈ గుంపు జీవులు ప్రపంచమంతా ఉన్నాయి. మన తూర్పు తీరంలో తమిళనాడు దగ్గర పట్టిన ఈతపీతల మీద ఇవి నమోదయ్యాయి. మడపీతల మీద బతికే లాక్సోథైలాకస్ అనే దగ్గరి బంధువు ఉత్తర ఆస్ట్రేలియాలో ఉంది. ఆంధ్ర తీరంలో సముద్రపు పీతలు ఏరేవాళ్లు వంద పీతల్లో ఒకదాని పొట్ట కింద తోలుసంచి చూస్తే ఆశ్చర్యపోవాల్సిన పనిలేదు.

పీతలను ఒకచోటి నుంచి ఇంకోచోటికి తరలించేవాళ్లు మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మెక్సికో సింధుశాఖ నుంచి ఆయిస్టర్లు తెచ్చినప్పుడు వాటితోపాటు వచ్చిన చిన్న పీతల ద్వారా లాక్సోథైలాకస్ పానోపై అనే జాతి అమెరికాలోని చెసాపీక్ బేలోకి చేరింది. 1964లో అక్కడ బయటపడింది, తర్వాత తీరం వెంట పాకింది. దీనికి తిరగేసిన కథ ఆకుపచ్చ పీతది. యూరప్ నుంచి వెళ్లి అమెరికా తీరాల్లో పడి అక్కడి గుల్లచేపలను తినేస్తున్న ఆ పీతకు అక్కడ సాక్యులైనా లేదు, పైగా ఒళ్లు కూడా పెద్దది. సాక్యులైనాను తెచ్చి వదిలితే పీడ వదులుతుందని కొందరు ఆలోచించారు. ప్రయోగశాలలో అది స్థానిక పీతలనూ పట్టుకుని చంపడంతో ఆ ఆలోచనకు అడ్డుకట్ట పడింది. మంచిదే అయింది.

సోకిన పీతను తినొచ్చా?

ఈ పరాన్నజీవి మనుషులకు అంటదు, అది క్రస్టేషియన్లలో మాత్రమే బతకగలదు. సంచి తీసేసి బాగా ఉడికిస్తే ఇబ్బంది లేదు. చూడ్డానికి బాగోదు, ఎదగని పీత కాబట్టి పెద్దగా కండ కూడా ఆశించకండి.

భయపడాల్సింది వేరే ఉంది. వాగుల్లో దొరికే మంచినీటి ఎండ్రకాయలను పచ్చిగానో సగం ఉడికించో తింటే ఊపిరితిత్తులకు పట్టే పురుగు సోకవచ్చు. మణిపూర్, నాగాలాండ్ లాంటి ఈశాన్య రాష్ట్రాల్లో ఈ జబ్బు ఉంది, చూస్తే టీబీలా అనిపిస్తుంది. ఎండ్రకాయను పూర్తిగా ఉడికించి తినండి.

నిలువునా సగం ఆడ, సగం మగ పీత నిజంగా ఉంటుందా?

ఉంటుంది. గైనాండ్రోమార్ఫ్ అంటారు. నీలి పీతలో దీన్ని గుర్తుపట్టడం సులువు, ఎందుకంటే మగపీత డెక్కలు నీలంగా ఉంటాయి, ఎదిగిన ఆడపీత డెక్కల కొసలు ఎర్రగా ఉంటాయి. 2005లో చెసాపీక్ బేలో ఒక మత్స్యకారుడికి ఒక డెక్క నీలం, ఇంకో డెక్క కొస ఎరుపుగా ఉన్న పీత దొరికింది. వర్జీనియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెరైన్ సైన్స్ వాళ్లు దాన్ని పరిశీలించారు. పొట్ట కింది మడత కూడా ఒకవైపు సన్నగా, ఒకవైపు వెడల్పుగా ఉంది. అంతకుముందు అదే ప్రాంతంలో దొరికిన మరో పీత కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద పరిశీలించి 1981లో ప్రచురించారు. ఏటా కోట్లలో నీలి పీతలు పట్టే చోట ఇలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని బయటపడ్డాయంటే ఎంత అరుదో ఊహించండి.

పిండం మొదటి విభజనల్లో ఒకవైపు కణాలకు లింగ క్రోమోజోముల్లో తేడా రావడం దీనికి కారణమని భావిస్తారు. ఇక్కడొక చిక్కుంది. మగ హార్మోన్ రక్తంలో ఒళ్లంతా తిరిగేటప్పుడు రెండో సగం ఆడగా ఎలా ఉండిపోయింది? హార్మోన్ ఒక్కటే అన్నీ నిర్ణయించదు, కణం తన క్రోమోజోములను బట్టి కూడా నడుచుకుంటుందని అనుకుంటే తప్ప ఇది పొసగదు. పాఠ్యపుస్తకాలు ఆండ్రోజెనిక్ గ్రంథినే సర్వాధికారిగా చూపిస్తాయి, ఈ పీతలను చూస్తే నాకు అది కాస్త అతి అనిపిస్తుంది.

ఇంటర్‌సెక్స్ పీత అంటే ఇదేనా?

కాదు. గైనాండ్రోమార్ఫ్‌లో ఆడ, మగ భాగాల మధ్య గీత గీసినట్టు ఉంటుంది. ఇంటర్‌సెక్స్‌లో లక్షణాలు కలగాపులగంగా ఉంటాయి. ఉదాహరణకు ఒకే పీతకు ఆడ జననరంధ్రాలూ మగ జననరంధ్రాలూ ఉండటం, లేదా వెడల్పైన మడత కింద మగ పుల్లలు ఉండటం. శంఖాల్లో కాపురముండే పీతల్లో ఇలాంటివి ఎక్కువగానే కనిపిస్తాయి. బయట రెండు రకాల గుర్తులున్నా, లోపల ఒకే రకం బీజగ్రంథి పనిచేస్తూ ఉండటం చాలాసార్లు చూస్తాం.

కోరింగ మడ అడవుల బురదలో ఒక్క పెద్ద డెక్క ఊపే చిన్న పీతలుంటాయి, పెద్ద డెక్క మగవాటికే ఉంటుంది. ఎప్పుడైనా రెండు డెక్కలూ పెద్దవైన మగపీత కనిపిస్తే అది లింగం తేడా కాదు. పిల్లప్పుడు ఒక డెక్క చిన్నగా మిగలాల్సిన ఏర్పాటు తప్పడమే.

పీతలు పెద్దయ్యాక సహజంగానే లింగం మార్చుకుంటాయా?

అసలైన పీతలు మార్చుకోవు, ఆడవి ఆడగానే మగవి మగగానే బతుకుతాయి. కానీ వాటి దూరపు చుట్టాల్లో ఒకటి మన తీరంలోనే మార్చుకుంటుంది. అల వెనక్కి తీయగానే తడి ఇసుకలోకి వెనక్కి వెనక్కి దూరిపోయే గుడ్డు ఆకారపు జీవి ఎమెరిటా ఏషియాటికా. దీని మగవి చాలా చిన్నవి, ఆడదాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. పెరిగేకొద్దీ అవే ఆడవిగా మారతాయని మద్రాసు తీరంలో పరిశోధించిన టి. సుబ్రమణియం 1981లో ప్రచురించారు. అందులో ఒక దశలో బీజగ్రంథి రెండు రకాలుగానూ కనిపిస్తుంది. ఆ జీవికది జబ్బు కాదు, జీవితచక్రం.

ఇదంతా కాలుష్యం వల్లేనా?

ఈ అనుమానానికి మూలం నత్తలు. ఓడల అడుగున పూసే రంగుల్లో ట్రైబ్యుటైల్‌టిన్ అనే రసాయనం కలిపిన కాలంలో సముద్రపు ఆడ నత్తలకు మగ అవయవాలు మొలిచాయి. 2008లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం ఆ రంగులను నిషేధించింది. ఆ కథ నత్తలది, దాన్ని పీతలకు యథాతథంగా అంటగట్టకూడదు. వింత పీత కనిపించగానే ఫ్యాక్టరీ వైపు వేలు చూపేముందు మడత ఎత్తి చూడండి.

సూక్ష్మజీవులు లింగాన్ని మార్చడం కూడా ఉంది. ఇటుకల కింద చేరి చుట్ట చుట్టుకునే ఒక రకం జీవుల్లో వోల్‌బాకియా బ్యాక్టీరియా జన్యుపరంగా మగవాటిని ఆడవిగా మార్చేస్తుంది. అవీ క్రస్టేషియన్లే.

మడపీతల చెరువు ఉంది. ఈ విషయం మాకేమైనా పనికొస్తుందా?

రోగభయం సంగతైతే, విత్తనం వేసేటప్పుడే పీతలను తిప్పి చూసుకుని సంచి ఉన్నవాటిని ఏరేస్తే చాలు. చెరువులోకి సముద్రపు నీరు నేరుగా వస్తుంటే అప్పుడప్పుడూ చూస్తూ ఉండండి. లోపల వేళ్లు పాకి ఇంకా సంచి బయటపడని పీతను కంటితో గుర్తించలేం.

లాభం సంగతి వేరే. నీలకంఠ రొయ్యలో మగవి త్వరగా పెరుగుతాయి కాబట్టి ఇజ్రాయెల్‌లో అమిర్ సాగి బృందం ఆండ్రోజెనిక్ హార్మోన్ జన్యువును తాత్కాలికంగా అణచి, మగ రొయ్యలను ఆడవిగా మార్చి, వాటి సంతానం అంతా మగవే అయ్యే పద్ధతిని తెచ్చింది. పీతలో గుడ్డున్న ఆడదానికీ గిరాకీ ఉంది, పెద్ద డెక్కల మగదానికీ గిరాకీ ఉంది, కాబట్టి లెక్క అంత సూటిగా ఉండదు. మడపీత దగ్గరి జాతి ఒకదానిలో పక్షుల్లోలాగే ఆడదానికి రెండు వేర్వేరు లింగ క్రోమోజోములుంటాయని తేలింది. ఒకే లింగం విత్తనం కోసం చూసేవాళ్లకు అది మొదటి మెట్టు.

నిజంగా తేడా ఉన్న పీత దొరికితే ఏం చేయాలి?

కూర వండేయకండి. ముందు ఫొటోలు తీయండి. పైనుంచి ఒకటి, వెల్లకిలా తిప్పి ఒకటి, మడత ఎత్తి లోపల కనిపించేలా ఒకటి, రెండు డెక్కలూ పక్కపక్కన పడేలా ఒకటి. కొలత తెలియడానికి పక్కన ఒక రూపాయి నాణెం పెట్టండి. ఎక్కడ, ఏ తేదీన, ఎంత లోతులో, ఏ వలకు దొరికిందో రాసుకోండి.

బతికుంటే తడి గోనెపట్టాలో ఉంచండి. చచ్చిపోతే ఐసులో పెట్టండి, కుదిరితే ఆల్కహాల్‌లో వేయండి. ఫార్మలిన్ వద్దు, దానిలో వేస్తే డీఎన్ఏ పరీక్షకు పనికిరాకుండా పోవచ్చు. విశాఖపట్నంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర విభాగం ఉంది. చెన్నైలో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా సముద్ర జీవుల కేంద్రం ఉంది. ఫొటోలు ముందు పంపి, వాళ్లు అడిగితే పీతను పంపండి. తేదీ, చోటు రాసిన చీటీ దాంతోపాటే ఉండాలి. అవి లేని పీత ఎంత వింతదైనా వాళ్లకు పెద్దగా పనికిరాదు.